మంచంలో ఉన్నవాళ్లు, మంచం పక్కన ఉన్నవాళ్లు: మీ ప్రశ్నలకి జవాబులు

ఇల్లు దాటి బయటికి రాలేని పెద్దవాళ్ల గురించి ఏమైనా అడగాలనుకుంటే రాయండి అని పోయిన సంచికలో వేశాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆ పెద్దవాళ్లని చూసుకునే కోడళ్లు, కూతుళ్లు, భార్యలు రాసినవే, ఇరుగుపొరుగు వాళ్లవి కొన్ని ఉన్నాయి. పేర్లన్నీ తీసేశాం, ఊళ్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: మా అత్తగారికి పక్షవాతం వచ్చి మూడేళ్లవుతోంది. కుడిపక్క మొత్తం పడిపోయింది, మాట ముద్దముద్దగా వస్తుంది. స్నానం, డైపర్లు మార్చడం, తినిపించడం అన్నీ నేనే. మావారు పొద్దున్న వెళ్తే రాత్రికే వస్తారు. ఆడపడుచు హైదరాబాద్‌లో ఉంటుంది, రోజూ వీడియో కాల్ చేసి అమ్మకి కొబ్బరినీళ్లు ఇచ్చావా అని అడుగుతుంది. చుట్టాలు వచ్చి ఓ గంట కూర్చుని అయ్యో అని వెళ్తారు, వాళ్లకి కాఫీలు పెట్టడం ఇంకో పని. అపార్ట్‌మెంట్‌లో వాళ్లు ఏదైనా హెల్ప్ కావాలంటే చెప్పు అంటారు, నేను పర్లేదండీ అంటాను. మా చెల్లి కూతురి ఓణీల ఫంక్షన్‌కి కూడా వెళ్లలేకపోయాను. వెళ్లాలనిపించడం తప్పా? (ఒక కోడలు, తణుకు)

జవాబు: తప్పేం లేదమ్మా, మూడేళ్లుగా సెలవు లేని డ్యూటీ చేస్తున్న మనిషికి ఒక పూట బయటికి వెళ్లాలనిపించకపోతేనే ఆలోచించాలి.

"హెల్ప్ కావాలంటే చెప్పు" అని జనం మంచిమనసుతోనే అంటారు, కానీ అందులో ఏ పని, ఏ రోజు, ఎంతసేపు అన్నది ఉండదు కాబట్టి అది తిరిగి మీ నెత్తినే పడుతుంది, ఆలోచించుకుని అడగాల్సింది మీరే, మొహమాటపడాల్సిందీ మీరే. అందుకే ఈసారి ఎవరైనా అంటే పర్లేదు అనకుండా "గురువారం నాలుగింటి నుంచి ఆరింటిదాకా అత్తయ్యగారి దగ్గర కూర్చుంటారా పిన్నిగారూ" అని రోజు, టైమ్ చెప్పి అడిగేయండి. కొంతమంది తప్పుకుంటారు, తప్పుకోనివ్వండి, ఒక్కరు ఒప్పుకున్నా వారానికి రెండు గంటలు మీవి. మొదటి రెండు మూడు సార్లు మీరు పక్క గదిలో ఉండగానే కూర్చోమనండి, ఆవిడ సైగలు వాళ్లకి అర్థమవ్వాలి, వాళ్ల గొంతు ఆవిడకి అలవాటవ్వాలి. ఒక కాగితం మీద ఏ సైగకి ఏంటి అర్థం, ఏ మందు ఎప్పుడు, డాక్టర్ నంబర్, మీ నంబర్ రాసి ఫ్రిజ్ మీద అతికించండి. ఆవిడకి తినేటప్పుడు పొలమారుతుంటే మాత్రం తినిపించే పని కొత్తవాళ్లకి అస్సలు అప్పజెప్పొద్దు, అది మీరే కూర్చోబెట్టి తినిపించి, తిన్నాక కనీసం అరగంట కూర్చోబెట్టే ఉంచాలి, పడుకోబెట్టి తినిపిస్తే అన్నం ఊపిరితిత్తుల్లోకి వెళ్లి నిమోనియా వచ్చే ప్రమాదం ఉంది.

మీ నడుం సంగతి మీరు రాయలేదు కానీ అది నొప్పెట్టకుండా ఉండదు. పడకపుళ్లు రాకుండా ఉండాలంటే రెండు గంటలకోసారి పక్కకి తిప్పమని డాక్టర్లు ఈజీగా చెప్పేస్తారు, తిప్పేది ఒక్క మనిషి అయితే ఎంత కష్టమో వాళ్లకేం తెలుసు. ఒక పాత దుప్పటిని మడతపెట్టి ఆవిడ భుజాల నుంచి తొడలదాకా వచ్చేలా కింద వేసి ఉంచండి, ఇంకో మనిషి వచ్చినప్పుడు ఇద్దరూ చెరో అంచు పట్టుకుంటే పైకి జరపడం, తిప్పడం చాలా సులువైపోతుంది, చంకల్లో చేతులేసి లాగే పని ఉండదు, అలా లాగితే పడిపోయిన వైపు భుజం పట్టు తప్పుతుంది కూడా. గాలి పరుపు ఉంటే మంచిదే, కానీ అది ఉంది కదా అని తిప్పడం మానెయ్యకూడదు. మధ్యలో చిల్లు ఉండే రింగు దిళ్లు అమ్ముతారు చూడండి, అవి వాడొద్దు, చుట్టూ ఒత్తిడి పెరిగి రక్తం ఆడదు. నడుం కింద ఎముక దగ్గర, మడమల దగ్గర రోజూ చూడండి, ఎర్రగా అయ్యి వేలితో నొక్కినా ఆ ఎరుపు పోకపోతే పుండు మొదలవుతున్నట్టే, ఆ రోజే నర్సుకో డాక్టర్‌కో చూపించాలి.

ఇంక డబ్బు విషయం. పక్షవాతంతో మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైనవాళ్లకి ఆంధ్రాలో ఎన్టీఆర్ భరోసా కింద నెలకి 15,000 పెన్షన్ ఉంది. ఇంటి ఆదాయం లాంటి రూల్స్ ఉన్నాయి, మెడికల్ వెరిఫికేషన్ కూడా ఉంటుంది, అందరికీ రాదు, కానీ సచివాలయంలో అడక్కుండా వదిలెయ్యొద్దు. ఆ డబ్బు వస్తే పొద్దున పూట రెండు గంటలు స్నానం, శుభ్రం వరకు ఒక మనిషిని పెట్టుకోవచ్చు.

ఆడపడుచుని నెలకో శని, ఆదివారాలు వచ్చి ఉండమని అడగాలి, కానీ ఆ మాట మీ నోటి నుంచి కాదు, మీవారి నోటి నుంచి రావాలి, వాళ్లమ్మే కదా. ఆదివారం పూట మీవారు కూడా డైపర్ మార్చడం నేర్చుకోవాలి, మగవాళ్లకి రాదనేది ఏమీ లేదు, అలవాటు లేదంతే. రాత్రిళ్లు నిద్రపట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, అత్తగారి మీద అరిచేసి తర్వాత బాధపడటం ఉంటే టెలీమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 కి ఫోన్ చెయ్యండి, ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ప్రశ్న: మాది కరీంనగర్. నేను నౌకరి జేసి రిటైర్ అయిన. పొద్దున వాకింగ్‌కొచ్చే మా బ్యాచ్‌ల పదిమందిమి ఉన్నం, ఖాళీగనే ఉంటున్నం. మా కాలనీల మంచం పట్టిన పెద్దమనుషులు శానమంది ఉన్నరు, పిల్లలేమో బెంగుళూర్ల, అమెరికల. వాళ్లకు ఏమన్న చేద్దామనుకుంటున్నం. కని ఇంట్ల ఏదన్న వస్తువు పోతే మా మీదికొస్తదని ఒగలిద్దరు భయపడుతున్నరు. ఎట్ల షురూ చెయ్యాలె?

జవాబు: ఆ భయం న్యాయమైందే సార్, దాన్ని కొట్టిపారెయ్యొద్దు, దాని చుట్టూనే మీ రూల్స్ రాసుకోండి.

ఈ పని మన దేశంలో బాగా చేసి చూపించింది కేరళ. 1993లో కోజికోడ్ మెడికల్ కాలేజీలో నొప్పి తగ్గించే చిన్న క్లినిక్‌గా మొదలైంది, తర్వాత మంచం పట్టినవాళ్లు క్లినిక్‌కి రాలేరు కదా అని మలప్పురం లాంటి చోట్ల ఊరివాళ్లే వాలంటీర్లుగా ఏర్పడి ఇళ్లకి వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్ల పద్ధతి ఏంటంటే వారానికి కనీసం రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లనే తీసుకుంటారు, 16 గంటల క్లాసులు, ఆపైన నాలుగు రోజులు అనుభవం ఉన్నవాళ్లతో కలిసి ఇళ్లు తిరగడం, అప్పుడే సొంతంగా పంపిస్తారు. 2008లో అక్కడి ప్రభుత్వం దీనికి ఒక పాలసీ కూడా తెచ్చింది, ఇప్పుడు పంచాయతీల్లో ఇంటికొచ్చే పాలియేటివ్ నర్సులు, అంటే నయంకాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే నర్సులు ఉన్నారు. చూసుకునే కుటుంబ సభ్యులకి ఆశ్వాసకిరణం అని నెలకి 600 రూపాయల సాయం కూడా పెట్టారు, మొత్తం చిన్నదే, కానీ చూసుకునే మనిషిని ఒక మనిషిగా లెక్కలోకి తీసుకున్న స్కీమ్ అది, మన రెండు రాష్ట్రాల్లో రోగికి పెన్షన్ ఉంది, పక్కనున్నవాళ్లకి అలాంటిది రావాలి.

మీ దగ్గర మొదలుపెట్టడానికి ముందు మూడిళ్లు తీసుకోండి, ముప్పై వద్దు. ఏ ఇళ్లో మీకు తెలియకపోతే ఆశా కార్యకర్తని అడగండి, కాలనీ మెడికల్ షాపతన్ని అడగండి, డైపర్లు ఎవరు కొంటున్నారో అతనికే తెలుసు. ఇద్దరిద్దరు వెళ్లాలి, ఒక ఇంటికి ఎప్పుడూ అదే ఇద్దరు, అదే రోజు, అదే టైమ్. ఏటీఎం కార్డు, పిన్ నంబర్, ఫోన్‌లో ఓటీపీ, బీరువా తాళాలు, సంతకాలు, వీటి జోలికి ఎంత బతిమాలినా వెళ్లకూడదు. పెద్దాయన "బిడ్డా నువ్వే డ్రా చేసుకరా" అంటే బ్యాంకుకి ఫోన్ చేసి డోర్‌స్టెప్ సర్వీస్ పెట్టించండి, 70 దాటినవాళ్లకి ఇంటి దగ్గరే సర్వీస్ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు 2017లోనే బ్యాంకులకి చెప్పింది. పిల్లలు ఎక్కడున్నా ముందే ఫోన్ చేసి మేం ఫలానా, ఫలానా రోజు వస్తాం, ఇది చేస్తాం, ఇది చెయ్యం అని చెప్పి వాట్సాప్‌లో కూడా ఒక మెసేజ్ పెట్టి ఉంచుకోండి. ఈ నాలుగూ పాటిస్తే మీవాళ్ల భయం చాలావరకు పోతుంది.

ఇంకోటి, ఇది మా సొంత గోల అనుకోండి. పళ్లు పంచిపెట్టి మంచం చుట్టూ పదిమంది నిలబడి ఫోటో దిగి స్టేటస్ పెట్టే పద్ధతి దయచేసి మీ బ్యాచ్‌లో మొదలవ్వకుండా చూసుకోండి. లుంగీ సరిగ్గా కట్టుకోలేని స్థితిలో ఉన్న మనిషిని ఊరంతా చూడాల్సిన పనేముంది.

చెయ్యాల్సిన పనులు చాలా చిన్నవి. సెలూన్ అతన్ని మాట్లాడి నెలకోసారి ఇంటికి తీసుకెళ్లడం, మంచం పట్టినాయనకి క్షవరం అయిన రోజు ముఖం చూడండి ఎలా ఉంటుందో. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఒక రాడ్ బిగించడం, ల్యాబ్ అతన్ని ఇంటికి పిలిపించి రక్తం తీయించడం, పేపర్ చదివి వినిపించడం, కరెంట్ బిల్లు, గ్యాస్. అన్నిటికంటే ముందు, ఆ ఇంట్లో చూసుకునే ఆవిడని "మీరు ఏ టైమ్‌లో బయటికి వెళ్లాలి" అని అడిగి ఆ టైమ్‌కే వెళ్లండి, మీకు ఖాళీ ఉన్న టైమ్‌కి కాదు. ఆడవాళ్ల స్నానం, బట్టల దగ్గర ఆడవాళ్లే ఉండాలి కాబట్టి మీ బ్యాచ్‌లో మేడమ్‌లని కూడా కలుపుకోండి. ఇంజెక్షన్లు, పైపులు మార్చడం, ఈ మాత్ర ఆపెయ్ ఆ కషాయం తాగు లాంటి సలహాలు వద్దే వద్దు. తెలంగాణలో చాలా జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో పాలియేటివ్ కేర్ సెంటర్లు ఉన్నాయి, వాటి టీమ్‌లు ఇళ్లకి కూడా వెళ్తాయి, మీ దగ్గర సెంటర్‌కి వెళ్లి మాకు ఒక పూట నేర్పండి అని అడగండి. నాలుగు వారాలు వెళ్లి ఐదో వారం మానెయ్యడం మాత్రం చెయ్యొద్దు సార్, ఆ ఇంట్లో మనిషి తలుపు వైపు చూస్తూ ఉంటాడు.

ప్రశ్న: నేను డల్లాస్ దగ్గర ఉంటాను, అమ్మానాన్న విజయవాడలో. నాన్నకి డిమెన్షియా, ఈ మధ్య పనమ్మాయి తన వాచీ తీసేసిందని రోజూ గొడవ, ఇద్దరు పనమ్మాయిలు మానేశారు. అమ్మకి 71, అటెండెంట్‌ని పెడదామంటే వద్దంటుంది. ఎవరైనా వాలంటీర్లు రోజూ వచ్చి చూసుకుంటారా? డొనేషన్ ఎంతైనా ఇస్తాను.

జవాబు: రోజూ వచ్చి చూసుకునేవాళ్లు కావాలంటే అది వాలంటీర్ పని కాదు బాబూ, అది జీతం ఇచ్చి చేయించుకోవాల్సిన పని, ఆ రెండూ కలిపేస్తే ఎవరికీ న్యాయం జరగదు. వాలంటీర్ వారానికి ఒకట్రెండు పూటలు అమ్మకి ఊపిరి ఆడేలా చెయ్యగలరు, అంతే.

అమ్మ ఎందుకు వద్దంటోందో అడిగారా? చాలామంది ఆడవాళ్లకి పరాయి మనిషి వంటింట్లోకి రావడం, ముఖ్యంగా మగ అటెండెంట్ రోజంతా ఇంట్లో ఉండటం పెద్ద ఇబ్బంది, ఆ మనిషికి వంట చెయ్యడం కూడా ఆవిడ నెత్తినే పడుతుంది. కాబట్టి 24 గంటల మనిషి కాకుండా పొద్దున మూడు గంటలు, టిఫిన్ బయటే తినొచ్చే మనిషి అయితే ఒప్పుకుంటుందేమో కనుక్కోండి. ఎవర్ని పెట్టాలన్నది అమ్మే చూసి నిర్ణయించాలి, ఏజెన్సీ పంపే మనిషి ఆధార్, పోలీస్ వెరిఫికేషన్ మాత్రం మీరు అక్కడి నుంచే చూసుకోవచ్చు.

వాచీ సంగతి. అది జబ్బులో భాగం, మీ నాన్న మనసు చెడ్డదయి కాదు. ఎక్కడో పెట్టి మర్చిపోతారు, మర్చిపోయానన్న సంగతి కూడా గుర్తుండదు కాబట్టి ఎవరో తీశారనే అనిపిస్తుంది. "మీరే ఎక్కడో పెట్టుంటారు" అని వాదిస్తే ఇంకా పెరుగుతుంది, "పదండి ఇద్దరం వెతుకుదాం" అనాలి, వెతికే దార్లో కాఫీ తాగుదామా అని మాట మళ్లించాలి. అలాంటిదే ఇంకో చవక వాచీ కొని డ్రాయర్‌లో పెట్టుకున్నా పని జరిగిపోతుంది. కొత్తగా వచ్చే పనమ్మాయికి మొదటి రోజే ఈ జబ్బు సంగతి అమ్మ చెప్పేస్తే ఆ పిల్ల దొంగతనం అంటగట్టారని బాధపడదు. మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉండొచ్చని ఒక పెద్ద జాతీయ సర్వే అంచనా వేసింది, అంటే మీ వీధిలోనే ఇంకో ఇల్లు ఉండి ఉండొచ్చు, వాళ్లు బయటికి చెప్పుకోరంతే.

మీరు అక్కడి నుంచి చెయ్యగలిగింది తక్కువేం కాదు. మందులు ఆన్‌లైన్‌లో అయిపోకముందే తెప్పించడం, రిపోర్టులన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంచడం, పక్కింటివాళ్ల నంబర్లు, అంబులెన్స్ నంబర్, డాక్టర్ నంబర్ అమ్మ ఫోన్‌లో ముందు వరసలో పెట్టడం. 70 దాటిన అందరికీ ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబర్ నుంచి ఇస్తున్నారు, ఏడాదికి 5 లక్షల దాకా, కానీ అది ఆసుపత్రిలో చేరినప్పుడే పనికొస్తుంది, ఇంట్లో చూసుకునే ఖర్చుకి రాదు, ఆ తేడా తెలిసి ఉంచుకోండి. ఇంక ఈసారి ఇండియా వచ్చినప్పుడు పెళ్లిళ్లు, తిరుపతి, షాపింగ్ అని తిరక్కుండా ఒక పది రోజులు నాన్నని మీరే చూసుకుని అమ్మని వాళ్ల అక్క ఇంటికో చెల్లెలింటికో పంపించండి. డొనేషన్ కంటే అది ఎక్కువ. పైగా ఆ పది రోజుల తర్వాత ఫోన్‌లో మీరడిగే ప్రశ్నలు మారిపోతాయి.

ప్రశ్న: మా తాతయ్య సెంట్రల్ గవర్నమెంట్ పెన్షనర్, 83 ఏళ్లు, మంచం దిగలేరు. లైఫ్ సర్టిఫికెట్ కోసం ఆటోలో ఎత్తుకుని బ్యాంకుకి తీసుకెళ్లాలా? (ఏలూరు)

జవాబు: అక్కర్లేదు. మీ ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుంటే ఆయన ముఖం స్కాన్ చేసి ఇంట్లోనే అయిపోతుంది, వేలిముద్రలు అరిగిపోయినవాళ్లకి ఇదే మేలు. వెలుతురు బాగుండాలి, కళ్లు తెరిచి ఆర్పమంటుంది, ఆ ఆర్పడం దగ్గరే కొంచెం ఓపిక కావాలి. ఫోన్‌తో కుదరకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తారు, ఛార్జీ 70 రూపాయలు. 80 దాటారు కాబట్టి ఆయనకి నవంబర్ దాకా ఆగాల్సిన పనిలేదు, అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎఫ్ పెన్షన్ అయితే ఏ నెలలో ఇచ్చినా అక్కణ్నుంచి 12 నెలలు చెల్లుతుంది, రాష్ట్ర ప్రభుత్వ పెన్షనర్లకి తేదీలు వేరే, ట్రెజరీలో కనుక్కోండి.

ప్రశ్న: మా కింద పోర్షన్‌లో ఒక పెద్దావిడ ఉంటుంది. కొడుకు, కోడలు ఉద్యోగాలకి వెళ్తూ బయట తాళం వేసి వెళ్తారు. మధ్యాహ్నం పిలుస్తూ ఉంటుంది. మేం కలగజేసుకోవచ్చా? (గుంటూరు)

జవాబు: మొదటే కంప్లైంట్ మాట ఎత్తొద్దు. చాలా ఇళ్లల్లో తాళం వెయ్యడం దుర్మార్గం కాదు, పెద్దావిడ బయటికెళ్లి తప్పిపోతుందనో పడిపోతుందనో భయం, అటెండెంట్‌కి ఇచ్చే స్తోమత లేదు, ఇంకో దారి తోచక వేస్తారు. కానీ మంటలు వచ్చినా ఆవిడ పడినా తలుపు తీసే దిక్కుండదు కాబట్టి అలా వదిలెయ్యడానికీ లేదు. సాయంత్రం కోడలు వచ్చాక వెళ్లి "మేం పగలు ఇంట్లోనే ఉంటాం కదా, ఒక తాళంచెవి మా దగ్గర ఉంచండి, మధ్యాహ్నం ఒకసారి చూసి మంచినీళ్లు ఇస్తాం" అని అడగండి. ఒప్పుకుంటే సగం సమస్య అక్కడే తీరిపోయింది.

ఒప్పుకోకపోగా తిండి పెట్టకపోవడం, కొట్టడం లాంటివి కనిపిస్తే అప్పుడు 14567 కి ఫోన్ చెయ్యండి, అది పెద్దవాళ్ల కోసం ఉన్న ఎల్డర్‌లైన్ హెల్ప్‌లైన్, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఉంటుంది, అవసరమైతే మనిషి వచ్చి మాట్లాడతారు. ప్రాణం మీదికొచ్చినప్పుడు దానికి కాదు, 108కో 112కో చెయ్యాలి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ కోసం తెచ్చిన 2007 చట్టం ప్రకారం తల్లిదండ్రులు ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌లో పోషణ కోసం అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి 10,000 దాకా ఇప్పించగలరు, ఆవిడ స్వయంగా వెళ్లలేకపోతే ఆవిడ అనుమతి ఇచ్చిన మనిషో సంస్థో పెట్టొచ్చు. చూసుకుంటారనే షరతు మీద ఇల్లు రాసిచ్చి ఉంటే, చూసుకోకపోతే ఆ రాతని రద్దు చేయించే వీలు కూడా అదే చట్టంలో 23వ సెక్షన్‌లో ఉంది, కాకపోతే ఆ షరతు కాగితంలో ఉంటేనే పని సులువు. ఏది చేసినా ముందు ఆవిడకి ఏం కావాలో ఆవిడనే అడగండి, కేసు పెట్టి మీరు మీ పోర్షన్‌కి వెళ్లిపోతారు, ఆ ఇంట్లో ఉండాల్సింది ఆవిడ.

ప్రశ్న: నేను డిగ్రీ సెకండ్ ఇయర్, ఎన్ఎస్ఎస్‌లో ఉన్నాను. ఒక తాతగారింటికి వారం వారం పంపుతున్నారు. ఆయన చెప్పిందే చెప్తారు, నాకు ఏం మాట్లాడాలో తెలీట్లేదు. (హనుమకొండ)

జవాబు: మాట్లాడకపోయినా పర్లేదు తమ్ముడూ, వినడానికే వెళ్తున్నావనుకో. ఎన్ఎస్ఎస్‌లో ఏడాదికి 120 గంటలు చెయ్యాలి కదా, అందులో మొక్కలు నాటి ఫోటో దిగే గంటల కంటే ఇవి కష్టం, ఒప్పుకుంటాం. ఆల్బమ్ ఉంటే తీయమను, ఒక్కో ఫోటోలో ఎవరెవరో అడుగు. ఆయన చేసిన పని ఏంటో అడిగి అందులో నీకు అర్థంకానిది వివరించమను, మనిషికి తనకి బాగా తెలిసింది ఇంకొకరికి నేర్పడం కంటే హుషారు లేదు. చేతులు బాగుంటే పచ్చీసో పులిజూదమో ఆడండి. ఆయన భార్య ఉంటే నువ్వున్న గంటసేపు ఆవిడని పడుకోమను, లేదా గుడికి వెళ్లి రమ్మను. పరీక్షలప్పుడు రాలేవని ముందే చెప్పు, చెప్పకుండా ఎగ్గొట్టకు.

ప్రశ్న: మా నాన్నగారి దగ్గర కూర్చోవడానికి వారానికోసారి ఒకాయన ఊరికే వస్తున్నారు. పండక్కి ఆయనకి బట్టలో, డబ్బులో ఇస్తే బాగుంటుందా? (రాజమండ్రి)

జవాబు: డబ్బులు వద్దండీ, ఇస్తే మర్నాటి నుంచి ఆయన మీ పనిమనిషి అయిపోతారు, ఆయనకీ ఇబ్బంది, మీకూ మొహమాటం. సంక్రాంతికి మీరు చేసుకున్న అరిసెలు, సున్నుండలు ఒక డబ్బాలో పెట్టి ఇవ్వండి, కాదనరు. మీరు ఊరికెళ్తున్న వారం ముందురోజే ఫోన్ చేసి రావొద్దని చెప్పండి, తలుపుకి తాళం చూసి వెనక్కి వెళ్లాల్సి రాకూడదు. ఆయన వచ్చే టైమ్‌కి మీరు బయటికెళ్లండి, వంటింట్లో పని పెట్టుకుని కూర్చోకండి, ఆయన వచ్చేదే మీరు కాసేపు బయటికి వెళ్తారని.